ఆ దీపం బొమ్మ తప్పు

సంపాదకుల వారికి,

నమస్కారం.

ఏటా మే 12న అంతర్జాతీయ నర్సుల దినోత్సవం పేరిట పత్రికల్లో వచ్చే వ్యాసాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. పైన తెల్ల టోపీ పెట్టుకున్న నర్సు బొమ్మ. ఆమె చేతిలో ముక్కున్న నూనె దీపం, పాత కథల్లో రుద్దితే భూతం బయటికొచ్చే రకం. పక్కన, నర్సులు చదివే ‘నైటింగేల్ రాసిన ప్రమాణం’. కింద, ఫ్లారెన్స్ నైటింగేల్ రాత్రుళ్లు వార్డుల్లో తిరిగి, తన ఆదరణతో సైనికుల ప్రాణాలు నిలబెట్టిందన్న నాలుగు పేరాలు. చివర ‘సేవామూర్తులకు వందనం’. వందనం పెట్టడంలో తప్పేమీ లేదు. కానీ మిగతా మూడింటినీ సరిదిద్దాల్సిన అవసరం ఉంది. వాటి చాటున అసలు పని కనపడకుండా పోతోంది కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. కాస్త చోటు ఇవ్వగలరు.

ముందు దీపం సంగతి. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికుల కోసం ఇస్తాంబుల్ దగ్గర నడిపిన స్కుటారీ ఆసుపత్రిలో, నైటింగేల్ పనిచేసిన చోట, వాడినది తుర్కీ వాళ్ల ఫానూస్. మడతలు మడతలుగా ముడుచుకునే గుడ్డ లాంతరు, లోపల కొవ్వొత్తి. గాలికి ఆరదు, మడిచి పక్కన పెట్టుకోవచ్చు. మైళ్ల పొడవున మంచాలు పరిచిన నడవల్లో తెరిచిన నూనె దీపం పట్టుకుని తిరగడం ఎవరికైనా కుదిరే పనేనా? చిత్రకారులకు ముక్కు దీపం అందంగా తోచింది, అదే స్థిరపడిపోయింది. ఇక ప్రమాణం. దాన్ని రాసింది నైటింగేల్ కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో, ఫారండ్ నర్సింగ్ పాఠశాల అధిపతి లిస్ట్రా గ్రెటర్, ఆమెతో పనిచేసిన ఒక కమిటీ కలిసి రాశారు. నైటింగేల్ మీద గౌరవంతో ఆమె పేరు పెట్టారు, అంతే. అందులో వైద్యుడికి ఆయన పనిలో విధేయతతో తోడ్పడతానన్న మాట ఉంది. నైటింగేల్ ఉత్తరాలు కొన్నయినా చదివినవాళ్లకు, ఆమె సైనిక వైద్యాధికారులతో ఎంత గట్టిగా తలపడిందో తెలిసినవాళ్లకు, ఆ మాట ఆమె నోట రావడం వింతగా ఉంటుంది.

మూడో తప్పు అన్నిటికన్నా పెద్దది. నైటింగేల్ 38 మంది స్త్రీలను వెంటబెట్టుకుని 1854 నవంబర్ 4న స్కుటారీ చేరింది. ఆ తర్వాత మరణాలు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో అక్కడి మరణాల రేటు నూటికి 42 దాటింది. వాళ్లు వార్డులు తుడిచారు, దుప్పట్లు తెప్పించారు, వంటశాల పెట్టించారు, బట్టలు ఉతికించారు. ఎంత చేసినా మనుషులు పోతూనే ఉన్నారు. ఎందుకంటే ఆసుపత్రిగా వాడుకున్న ఆ సైనిక బరాక్ భవనం కిందుగా పోయే మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. మరుగుదొడ్ల గొట్టాల గుండా ఆ కంపంతా వార్డుల్లోకే తన్నుకొచ్చేది. నీళ్లు వచ్చే కాలువలో చచ్చిన గుర్రం కళేబరం ఉంది. యుద్ధంలో తగిలిన గాయాలతో వచ్చినవాడు విరేచనాలతోనో, కలరాతోనో, టైఫస్‌తోనో పోయేవాడు.

1855 మార్చిలో లండన్ నుంచి శానిటరీ కమిషన్ వచ్చింది. అందులో డాక్టర్ జాన్ సదర్లండ్, ఇంజినీరు రాబర్ట్ రాలిన్సన్ ఉన్నారు. మురుగు కాలువలు కడిగించారు, కళేబరాలు తీయించి పాతిపెట్టించారు, గోడలకు సున్నం వేయించారు, గాలి ఆడేలా పైన రంధ్రాలు పెట్టించారు. జూన్‌కల్లా మరణాల రేటు నూటికి 2 చిల్లరకు దిగింది. ఆదరణ అంతకుముందూ ఉంది, ఆ తర్వాతా ఉంది. మారింది మురుగు.

ఇది నైటింగేల్‌ను చిన్నబుచ్చడానికి చెబుతున్నది కాదు. ఆమె గొప్పతనం మొదలయ్యేదే ఇక్కడ. ఇంగ్లండ్ తిరిగొచ్చాక గణాంకవేత్త విలియం ఫార్‌తో కూర్చుని సైన్యం లెక్కలన్నీ తిరగేసింది. 1855 జనవరి ఒక్క నెలే చూడండి: తూర్పు రంగంలోని బ్రిటిష్ సైన్యంలో అంటువ్యాధుల వంటి నివారించదగ్గ జబ్బులతో పోయినవాళ్లు 2,761 మంది, గాయాలతో 83 మంది, ఇతర కారణాలతో 324 మంది. అంకెల పట్టిక ఇస్తే మంత్రులు చదవరని ఆమెకు తెలుసు. అందుకే 1858లో బొమ్మ గీసింది. ఏడాదిని 12 ముక్కలుగా కోసిన గుండ్రని పటం, ఒక్కో నెలకు ఒక్కో ముక్క. మధ్యబిందువు నుంచి కొలిచిన వైశాల్యమే మరణాల సంఖ్య. జబ్బులకు నీలం, గాయాలకు ఎరుపు, మిగతా వాటికి నలుపు. చూడగానే నీలం కమ్మేసి కనిపిస్తుంది. ఎరుపును వెతుక్కోవాలి. ఆ ఏడాదే స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ సంఘంలో మొదటి మహిళ ఆమే. నర్సుల దినోత్సవం నాడు దీపం స్థానంలో ఈ పటం వేస్తే బొమ్మా నిజమవుతుంది, వృత్తీ అర్థమవుతుంది.

1859లో అచ్చయిన ఆమె చిన్న పుస్తకంలో ఒక చోటు నర్సింగ్ విద్యార్థులందరికీ చదివి వినిపించాల్సింది. ‘రాత్రి బాగా నిద్రపోయాడా?’ అని అడగొద్దంటుంది. ఒకడికి పది గంటలు ఏకబిగిన పడితేగాని బాగా పట్టినట్టు కాదు, ఇంకొకడికి మధ్యమధ్య కునుకు తీసినా చాలు. ఇద్దరూ అదే జవాబు చెబుతారు. ‘ఎన్ని గంటలు పడుకున్నాడు, రాత్రి ఏ వేళల్లో?’ అని అడగమంటుంది. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న తేడానే నర్సింగ్. మనసు మంచిదైన ఎవరైనా మొదటి ప్రశ్న అడగగలరు. రెండోది అడగడానికి శిక్షణ కావాలి.

ఆ శిక్షణ కోసం 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఏడాది చదువుతో పాఠశాల మొదలైంది. యుద్ధ కాలంలో ప్రజలిచ్చిన చందాల డబ్బే పెట్టుబడి. అక్కడ పాఠాలు చెప్పింది నైటింగేలే అనుకుంటారు చాలామంది. రోజువారీ బాధ్యత అంతా మెట్రన్, అంటే ఆసుపత్రి నర్సులకు పెద్ద, సారా వార్డ్‌రోపర్‌ది. ఇదే మొదటి పాఠశాల అనడం కూడా పొరపాటే. జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో ఫ్లీడ్నర్ దంపతులు 1836లోనే మొదలుపెట్టారు. నైటింగేల్ స్వయంగా 1851లో మూడు నెలలు అక్కడ నేర్చుకుంది. ఇంకా వెనక్కి వెళితే 1633లో ఫ్రాన్స్‌లో మొదలైన, రోగులకు సేవచేసే క్రైస్తవ స్త్రీల సంఘం డాటర్స్ ఆఫ్ చారిటీ, ఏడో శతాబ్దపు మదీనాలో గుడారం వేసి గాయపడ్డవాళ్లను చూసిన రుఫైదా అల్ అస్లమియా.

అదే క్రిమియా యుద్ధంలో మేరీ సీకోల్ కూడా ఉంది. 1805లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టింది. తల్లి దగ్గర మూలికా వైద్యం నేర్చింది. 1851లో పనామాలో కలరా రోగులను చూసింది. అంటే విరేచనాల జబ్బుల్లో లండన్ నర్సుల్లో చాలామందికి లేని అనుభవం ఆమెకుంది. యుద్ధ కార్యాలయం ఆమెను తీసుకోలేదు. సొంత ఖర్చుతో ఓడెక్కి, బలక్లావా దగ్గర బ్రిటిష్ హోటల్ పేరుతో 1855లో మకాం పెట్టి, సైనికులకు భోజనం అమ్ముతూ, మందులిస్తూ, యుద్ధరంగం దాకా వెళ్లి కట్లు కట్టింది. యుద్ధం ముగిసేసరికి దివాలా తీసింది. ఆమె విగ్రహం 2016లో అదే సెయింట్ థామస్ ఆసుపత్రి ముందు నిలిచింది. ఆ విగ్రహం పెట్టేటప్పుడు ‘ఆమె నర్సే కాదు’ అని కొందరు గొడవ చేశారు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లే నర్సులంటే 1854లో స్కుటారీ ఓడ దిగినవాళ్లలో ఎంతమంది మిగులుతారో ఆ కొందరే చెప్పాలి.

సర్టిఫికెట్ అన్నాను కాబట్టి ఆ తగవు కూడా చెప్పాలి. నర్సులకు ప్రభుత్వ రిజిస్టరు ఉండాలని పోరాడిన మనిషి ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్. 24 ఏళ్లకే లండన్ సెయింట్ బార్తొలొమ్యూస్ ఆసుపత్రికి మెట్రన్ అయింది. 1887లో సంఘం పెట్టింది. రిజిస్టరు ఆలోచనను వ్యతిరేకించినవాళ్లలో ముందువరుసలో ఉన్నది నైటింగేలే. పరీక్ష పాసవడం వేరు, రోగి పక్కన నిలబడే గుణం వేరు, ఒకసారి పేరెక్కితే ఆ మనిషి ఎప్పటికీ పనికొస్తుందన్న హామీ ఏమిటన్నది ఆమె వాదన. వాదనలో బలం లేకపోలేదు. కానీ ఎవరు పడితే వాళ్లు నర్సునని చెప్పుకుంటుంటే రోగి ఎవరిని నమ్మాలన్న ఫెన్విక్ ప్రశ్నకు అందులో జవాబు లేదు. న్యూజీలండ్ 1901లోనే చట్టం చేసింది. ఎలెన్ డౌగర్టీ 1902 జనవరిలో ప్రపంచంలోనే మొదటి రిజిస్టర్డ్ నర్సు అయింది. బ్రిటన్ చట్టం 1919 డిసెంబర్‌లో గానీ రాలేదు. రిజిస్టరు తెరిచినప్పుడు మొదటి నంబరు ఫెన్విక్‌దే. ఆ రిజిస్టరులో మగ నర్సులను విడిగా వేరే భాగంలో రాసేవారు. 1949 దాకా అంతే. అమెరికా సైన్యపు నర్సుల దళంలోకి మొదటి మగ నర్సు ఎడ్వర్డ్ లయన్ 1955లో చేరాడు. మఠాల్లో, యుద్ధాల్లో శతాబ్దాల పాటు రోగులను చూసుకున్నది మగవాళ్లు కూడానన్న సంగతి మీ వ్యాసాల్లో ఎప్పుడూ కనపడదు.

అట్లాంటిక్ అవతల, బోస్టన్‌లో స్త్రీలు, పిల్లల కోసం ఉన్న న్యూ ఇంగ్లండ్ ఆసుపత్రి నుంచి ఇద్దరు వచ్చారు. 1879లో పట్టా అందుకున్న మేరీ ఎలైజా మహోనీ అమెరికాలో వృత్తి శిక్షణ పొందిన మొదటి నల్లజాతి నర్సు. పదహారు నెలల ఆ చదువులో చేరినవాళ్లు నలభై పైచిలుకు, చివరిదాకా నిలిచినవాళ్లు నలుగురు. ఆమెకన్నా ముందు, 1873లో, అక్కడే పట్టా పుచ్చుకున్న లిండా రిచర్డ్స్ న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో రాత్రి సూపరింటెండెంట్‌గా చేరింది. ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకు సంగతులు నోటిమాటగా పోయే రోజులవి. ఒక్కో రోగికి ఒక్కో కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టింది. ఇవాళ మంచం చివర వేలాడే కేస్ షీటుకు మూలం అదే.

ఆ కాగితం మీద ఏం రాయాలో తెలియకపోతే కాగితం ఉన్నా లేనట్టే. ‘రోగి బాగున్నారు, రాత్రి ప్రశాంతంగా గడిచింది’ అన్నది రికార్డు కాదు, శుభాకాంక్ష. ‘రాత్రి 2:10. ఊపిరి నిమిషానికి 26, నాడి 112. పిలిస్తే పలికారు, మాట పొందిక లేదు. 2:14కు డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాం. 2:30కి వచ్చి చూశారు’ అన్నది రికార్డు. ఇందులో ఊపిరి లెక్క అన్నిటికన్నా ముందు చెడుతుంది, అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యానికీ గురవుతుంది. నాడినీ, ఆక్సిజన్‌నూ యంత్రం చూపిస్తుంది. ఊపిరి మాత్రం గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క ఊపిరి తేడాకు లెక్క నాలుగు మారుతుంది. లెక్కిస్తున్నామని చెబితే రోగి ఊపిరి తీరు మార్చేస్తాడు, అందుకే నాడి పట్టుకున్నట్టే పట్టుకుని ఛాతీ చూడాలి. చాలా వార్డుల్లో కాగితమంతా పై నుంచి కింది దాకా ‘20, 20, 20’ అని ఉంటుంది. ఏ మనిషీ రోజంతా సరిగ్గా 20 సార్లే పీల్చడు. రోగి పరిస్థితి దిగజారుతోందని పసిగట్టడానికి బ్రిటన్‌లో 2012 నుంచి వాడుతున్న హెచ్చరిక స్కోరులో ఊపిరి 25 గానీ ఆపైన గానీ ఉంటే ఆ ఒక్కదానికే 3 మార్కులు, అంటే వెంటనే డాక్టరును పిలవాల్సిన స్థితి. రాసింది తప్పైతే ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. తెల్ల సిరా పూస్తే ఆ పేజీకి విలువ పోతుంది.

నర్సు చేతుల వల్ల వచ్చిన ఒక వస్తువు గురించి చెబుతాను. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ఆపరేషన్ గదిలో కారొలిన్ హాంప్టన్ అనే నర్సు ఉండేది. సర్జన్ విలియం హాల్‌స్టెడ్. క్రిములు చావాలని చేతులు పాదరసపు ద్రావణంలో ముంచేవారు. 1889–90 శీతాకాలానికల్లా ఆమె చేతులు మండి, చర్మం చిట్లి, పని మానేసే దశకొచ్చింది. హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీకి రాసి రెండు జతల పల్చటి తొడుగులు చేయించాడు. (ఆ మరుసటి వేసవిలో వాళ్లిద్దరికీ పెళ్లయింది, అది వేరే కథ.) అంటే సర్జికల్ గ్లవ్స్ పుట్టింది రోగికి ఇన్ఫెక్షన్ రాకుండా కాదు, నర్సు చర్మం కాపాడటానికి. రోగికి కూడా మేలు చేస్తాయని తర్వాత కొన్నేళ్లకు అదే ఆసుపత్రిలో జోసెఫ్ బ్లడ్‌గుడ్ హెర్నియా ఆపరేషన్ల లెక్కలు తీశాకే తేలింది.

విచిత్రమేమంటే పుట్టుకలోని ఆ బుద్ధి గ్లవ్స్‌ను ఇంకా వదల్లేదు. ‘నాకు అంటకుండా’ అని వేసుకున్న చేయి ఒక మంచం నుంచి ఇంకో మంచానికి, అక్కణ్ణుంచి ఫోనుకు, తలుపు గడియకు, కేస్ షీటుకు పోతుంది. వేసుకున్నవాళ్లు భద్రంగానే ఉంటారు. క్రిములు మాత్రం వార్డంతా షికారు చేస్తాయి. రోగి మారినప్పుడే కాదు, ఒకే రోగి దగ్గర మురికి పని అయ్యాక శుభ్రమైన పని చేయాల్సి వచ్చినా, అంటే మూత్రపు సంచి ముట్టుకున్నాక సెలైన్ సూది ముట్టుకోవాల్సి వచ్చినా గ్లవ్స్ మార్చాలి. తీసేశాక చేయి రుద్దుకోవాలి, ఎందుకంటే కంటికి కనపడని రంధ్రాలుంటాయి, తీసేటప్పుడే చేతికి అంటుకుంటుంది. ఆల్కహాల్ ద్రావణమైతే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. ఎక్కువమంది వదిలేసే చోట్లు బొటనవేలు, వేళ్ల కొసలు.

ఇక జీన్ వార్డ్. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో రాచ్‌ఫర్డ్ జనరల్ ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విభాగానికి సిస్టర్, అంటే బాధ్యత చూసే నర్సు. ఎండా గాలీ తగిలితే పిల్లలకు మంచిదన్న నమ్మకంతో, వెచ్చని రోజుల్లో వాళ్లను ఆవరణలోకి తీసుకెళ్లి, డాక్టర్ల రౌండుకు కాస్త ముందు లోపలికి తెచ్చేది. 1956 వేసవిలో ఒకరోజు రౌండులో ఒక బిడ్డ బట్టలు విప్పి చూపించింది. ఒళ్లంతా పాలిపోయి ఉంది, ఒక్కచోట మాత్రం త్రికోణం ఆకారంలో ముదురు పసుపు. ఏం పూశావని డాక్టర్ డాబ్స్ అడిగాడు. ఎండ వల్లనేమో అని ఆమె జవాబు. ఎండకు చర్మం నల్లబడాలన్నా రోజులు పడుతుంది గదా అన్నాడాయన. అప్పుడు ఆమె ఇబ్బందిగానే చెప్పింది: ఆ చోట రంగు ఎక్కలేదు, అది దుప్పటి కొస కప్పి ఉన్న చోటు. మిగతా ఒంటికే కామెర్లు వెలిసిపోయాయి.

ఒకే బిడ్డ ఒంటి మీద ప్రయోగమూ, పోల్చుకోవడానికి ఎండ తగలని చోటూ, రెండూ! ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యం ఏ ప్రయోగశాల ఇస్తుంది? అయినా అప్పటికి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని వారాలకు, కామెర్లున్న ఇంకో బిడ్డ రక్తం గొట్టం కిటికీ దగ్గర ఎండలో చాలాసేపు ఉండిపోయింది. కొలిస్తే బిలిరుబిన్, అంటే కామెర్లలో ఒంటికి పసుపు తెచ్చే పదార్థం, అనుకున్నదానికన్నా బాగా తక్కువ వచ్చింది. అప్పుడు సిస్టర్ మాట గుర్తొచ్చింది. క్రెమర్, పెరిమన్, రిచర్డ్స్ అనే ముగ్గురు దీపాల తొట్టె తయారుచేసి 1958లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. వ్యాసం పైన జీన్ వార్డ్ పేరు లేదు.

ఆ త్రికోణం నేర్పిన పాఠాలు పసిపిల్లల కామెర్లకు వెలుగుతో చికిత్స చేసే ఫొటోథెరపీ యూనిట్‌లో ఇప్పటికీ రోజూ పనికొస్తాయి. వెలుగు తగిలిన చర్మంలోనే బిలిరుబిన్ మారుతుంది. నీలి కాంతికి, 460 నుంచి 490 నానోమీటర్ల మధ్య, దాని అణువు ఆకారం మారి, కాలేయం మీద భారం లేకుండానే పైత్యరసంలో, మూత్రంలో బయటికి పోతుంది. కాబట్టి డైపరు వీలైనంత చిన్నది, కళ్లకు గంత, మిగతా ఒళ్లంతా బయటే. తీవ్రమైన చికిత్సలో దీపం బలం చదరపు సెంటీమీటరుకు, నానోమీటరుకు 30 మైక్రోవాట్లకు తగ్గకూడదు. దీపం వెలుగుతోంది కదా అని సరిపెట్టుకుంటే కుదరదు, మీటరుతో కొలవాలి. ట్యూబులు పాతబడితే కంటికి అంతే నీలంగా కనిపిస్తాయి, పని మాత్రం సగమే చేస్తాయి. దుమ్ము పట్టినా, తొట్టె దూరం జరిగినా అంతే. గంత జారి ముక్కు మీదికొస్తే ఊపిరికే ప్రమాదం, మళ్లీమళ్లీ చూడాలి. రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, తడిపిన డైపర్లు లెక్కపెట్టాలి. చికిత్స మొదలయ్యాక ఒంటి రంగు చూసి కామెర్లు తగ్గాయని చెప్పకూడదు, ఆ దుప్పటి కొస చెప్పింది సరిగ్గా ఇదే. రక్తం తీసేటప్పుడు దీపం ఆపాలి, తీసిన గొట్టాన్ని వెలుగు తగలకుండా పంపాలి. లేకపోతే కిటికీలోని గొట్టం చేసినట్టే అది కూడా అబద్ధం చెబుతుంది. ఒక మాట గట్టిగా చెప్పాలి: ఈ కథ చదివి పసిపిల్లలను నేరుగా ఎండలో పడుకోబెట్టొద్దు. చర్మం కాలుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, ఎంత వెలుగు అందిందో కొలవడానికి వీలుండదు.

ఎలీజ్ సోరెన్సన్ అనే డెన్మార్క్ నర్సు పేరు ఎంతమంది విన్నారు? ఆమె చెల్లెలికి పేగు ఆపరేషన్ చేసి పొట్ట మీదుగా మలద్వారం పెట్టారు. కారుతుందన్న భయంతో ఆ చెల్లెలు గడప దాటడం మానేసింది. 1954లో సోరెన్సన్‌కు తోచిన ఉపాయం, చర్మానికి నేరుగా అతుక్కుని, వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచి. తయారీదారు ఓగె లూయీ హాన్సెన్‌ను ఒప్పించాక అది పరిశ్రమే అయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు డోరీన్ నార్టన్. పడక పుండ్లు పుడితే అది నర్సు తప్పేనని, రాకుండా ఉండాలంటే వీపుకు స్పిరిట్టో, నూనో రాసి బాగా రుద్దాలని దశాబ్దాల పాటు నేర్పారు. నార్టన్, తన సహచరులతో కలిసి వృద్ధుల వార్డుల్లో నిజంగా పరీక్షించి 1962లో చెప్పింది: రాసే మందులతో పెద్ద తేడా లేదు, క్రమం తప్పకుండా పక్కకు తిప్పితే తేడా ఉంది. ఎవరిని ఎక్కువ కనిపెట్టాలో తేల్చడానికి అయిదు అంశాల స్కోరు ఇచ్చింది. ఒంటి స్థితి, మనసు స్థితి, నడక, కదలిక, మలమూత్రాల అదుపు. ఒక్కోదానికి 4 నుంచి 1 దాకా. మొత్తం 20కి 14 గానీ అంతకు తక్కువ గానీ వస్తే ముప్పు ఉన్నట్టు. పక్షవాతం వచ్చిన ఒక రోగిని తీసుకోండి: ఒంటి స్థితి పర్వాలేదు 3, మనిషి స్తబ్ధుగా ఉన్నాడు 3, మంచం దిగలేడు 1, కదలిక బాగా తక్కువ 2, మూత్రం అదుపులో లేదు 2. మొత్తం 11. పుండు ఇంకా కనపడలేదు, కానీ ఇవాళ రాత్రి నుంచే పని మొదలుపెట్టాలని కాగితం చెబుతోంది. తర్వాత 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే మరో ఇద్దరు నర్సులు ఆరు అంశాలతో ఇంకో స్కోరు ప్రచురించారు.

పని అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకునేవాళ్లందరికీ ఇది కావాలి. బయట మంచం, లోపల ఎముక, మధ్యలో నలిగిన మాంసానికి రక్తం అందక పుండు పుడుతుంది. లోపల మొదలై బయటికొస్తుంది గనక కనిపించేసరికే ఆలస్యం. పిరుదుల పైన ఎముక, మడమలు, తుంటి, వీపు మీద దిండుకు ఆనే చోట్లు రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపు వస్తే రక్తం తిరుగుతోంది. నొక్కినా ఎరుపు చెక్కుచెదరకపోతే దెబ్బ తగిలినట్టే. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు. వేడిగా ఉందా, గట్టిపడిందా, చుట్టుపక్కల కన్నా ముదురుగా ఉందా అని చేత్తో, కంటితో చూడాలి. ఎర్రబడ్డ చోట మాత్రం రుద్దకూడదు, అప్పటికే నలిగినదాన్ని ఇంకా నలిపినట్టవుతుంది. పక్కకు తిప్పినప్పుడు తుంటి ఎముక మీద నిలువుగా కాకుండా, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలుగా ఉంచాలి. తల వైపు మంచం తినేటప్పుడు తప్ప 30 డిగ్రీలు దాటి ఎత్తితే మనిషి కిందికి జారుతాడు. చర్మం దుప్పటికి అంటుకుని ఉంటుంది, ఎముక జారుతుంది, మధ్యలో రక్తనాళాలు సాగి తెగుతాయి. మడమ కింద దిండు పెడతారు చాలామంది. అది తప్పు. దిండు పిక్కల కింద పొడుగ్గా పెట్టి మడమ గాలిలో తేలేలా చేయాలి. గుండ్రటి రబ్బరు రింగు కూడా వద్దు, చుట్టూ నొక్కి మధ్యకు రక్తం రాకుండా చేస్తుంది.

సిసిలీ సాండర్స్ గురించి క్లుప్తంగా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నర్సుగా శిక్షణ పొంది, నడుం నొప్పితో ఆ పని వదిలి, ఆసుపత్రి సోషల్ వర్కరై, ఆపైన డాక్టరై 1967లో లండన్‌లో, చివరిదశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. అంతకుముందు 1940ల చివర ఒక ఆశ్రమ ఆసుపత్రిలో స్వచ్ఛందంగా నర్సు పని చేస్తూ చూసిన విషయం ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. చివరిదశ కాన్సర్ రోగులకు అక్కడి నర్సులు నొప్పి వచ్చాక కాదు, రాకముందే, నాలుగు గంటలకోసారి గడియారం చూసి నోటి ద్వారా మార్ఫిన్ ఇచ్చేవారు. నొప్పి తిరిగొచ్చేదాకా ఆగితే, భయం కూడా చేరి మోతాదు ఎక్కువ పడుతుంది. మలబద్ధకం తప్పదు కాబట్టి దానికి మందు మొదటి రోజు నుంచే.

ఇన్ని పేర్లు ఎందుకు చెప్పానంటే, వీటన్నిటికీ ఒక్క షరతు ఉంది. దుప్పటి కొస కింద రంగు తేడా కనపడాలంటే ఆ బిడ్డ దగ్గర నిలబడే తీరిక ఉండాలి. పన్నెండుమంది రోగులను తిప్పాల్సిన చోట ఒక్కరే ఉంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్న నియమం కాగితం మీదే ఉంటుంది, ఊపిరి లెక్క 20 దగ్గరే ఆగిపోతుంది. ఇది సానుభూతి కోసం చెప్పే మాట కాదు. లిండా ఐకెన్ అనే నర్సు పరిశోధకురాలు, ఆమె బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులు, 10,184 మంది నర్సులు, ఆపరేషన్ జరిగిన 2,32,342 మంది రోగుల వివరాలు కలిపి 2002లో ప్రచురించారు. ఒక నర్సుకు ఒక్క రోగి అదనమైతే, నెలలోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతోంది. నలుగురి స్థానంలో ఎనిమిదిమందైతే 31 శాతం. 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో చూస్తే మళ్లీ అదే 7 శాతం. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలుచేసింది: ఐసీయూలో ఇద్దరు రోగులకు ఒక నర్సు, సాధారణ వార్డులో మొదట ఆరుగురికి, 2005 నుంచి అయిదుగురికి ఒకరు. భోజనానికి వెళ్లినప్పుడు కూడా ఆ నిష్పత్తి తప్పకూడదని అక్కడి నియమం.

కాబట్టి వచ్చే మే 12న మీ పేజీలో మార్పులు కోరుతున్నాను. బొమ్మ వేయాలనుకుంటే మడత లాంతరు గానీ, మూడు రంగుల పటం గానీ వేయండి. ప్రమాణం అచ్చేస్తే లిస్ట్రా గ్రెటర్ పేరు పెట్టండి. మీ విలేఖరి ఏదైనా ఆసుపత్రికి వెళ్లినప్పుడు ‘రోగులను సొంత మనుషుల్లా చూసుకుంటారా?’ అని అడగొద్దు. రాత్రి షిఫ్టులో ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు అని అడిగి, వచ్చిన అంకెను ఫొటో కింద వేయమనండి.

ఇట్లు,
నర్సింగ్ బోధిస్తున్న ఒక పాఠకురాలు